కాఫీ గింజ కథ: ధర పుట్టేది ఎక్కడ, పడేది ఎవరి మీద?

ఉండి: ధాన్యం బేరం కుదిరిందంటే రైతూ, దళారీ, మిల్లు గుమాస్తా కలిసి మొదట వెళ్లేది కాఫీ హోటలుకే. ఆకివీడు, భీమవరం చేపల వర్తకులకూ, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల వ్యాపారులకూ, ఏలూరు నిమ్మకాయల బేరగాళ్లకూ ఇదే అలవాటు. ఆ బల్లల దగ్గర అన్ని సరుకుల ధరలూ చర్చకు వస్తాయి. గ్లాసులో వున్న సరుకు ధర గురించి మాత్రం హోటలువాడు రేటు పెంచిన రోజునే మాట్లాడుకుంటారు.

అలా మాట్లాడుకోవలసిన సందర్భం ఇటీవల గట్టిగానే వచ్చింది. న్యూయార్కు వాయిదా బజారులో అరబికా కాఫీకి 1977లో నమోదైన రికార్డు ధర 2024 డిసెంబరులో చెదిరిపోయింది. 2025 ఫిబ్రవరిలో ధర పౌనుకు 4 డాలర్లు దాటింది. ఆ సెగ మన కిరాణా కొట్లలోని పొడి పొట్లాల దాకా తగిలింది. ఉండి కాలువ కింద ఒక్క కాఫీ మొక్క అయినా లేదు. న్యూయార్కు బజారుతో మన చిల్లర వర్తకునికి ముఖపరిచయమూ లేదు. అయినా అక్కడి ధర ఇక్కడి గల్లాపెట్టెను తడుముతోంది. ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే గింజ కథ మొదటినుంచీ చెప్పుకోవాలి.

జాగరణ కోసం పుట్టిన పానీయం

కాఫీ మొక్కకు పుట్టిల్లు ఇథియోపియా కొండలు. దానిని పానీయంగా వాడుకలోకి తెచ్చింది ఎర్ర సముద్రానికి ఇవతలి ఒడ్డున వున్న యెమెన్. 15వ శతాబ్దంలో అక్కడి సూఫీ సాధువులు రాత్రి ప్రార్థనల్లో నిద్ర రాకుండా దీనిని తాగేవారు. యెమెన్‌లోని మోఖా రేవు నుంచి సరుకు అరబ్బు దేశాలకూ, తుర్కీకీ, ఆ తరువాత ఐరోపాకూ వెళ్లింది. చాలాకాలం ఈ వర్తకం మీద గుత్తాధిపత్యం యెమెన్‌దే.

నలుగురు కూడి తాగే పానీయం కావటంతో పాలకులకు మొదటినుంచీ దీనిపై అనుమానమే. 1511లో మక్కాలో కాఫీని నిషేధించారు గాని, కైరో నుంచి వచ్చిన ఉత్తర్వుతో ఆ నిషేధం నిలవలేదు. 1675లో ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ కాఫీ హోటళ్లు మూసివేయాలని ప్రకటించాడు. జనం గగ్గోలు పెట్టటంతో అది అమలు కాకముందే వెనక్కు తీసుకున్నాడు. గిరాకీ వున్న సరుకును ఉత్తర్వుతో ఆపలేమన్న సంగతి వర్తకులకు కొత్తగా చెప్పనక్కరలేదు.

కాఫీ హోటలే బజారు

లండన్‌లో మొదటి కాఫీ హోటలు 1652లో వెలసింది. తరువాతి యాభై ఏళ్లలో ఒక్కొక్క హోటలు ఒక్కొక్క వ్యాపారానికి నెలవయింది. ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన హోటలుకు ఓడల యజమానులూ, కప్తానులూ వచ్చేవారు. ఓడ మునిగితే నష్టం ఎవరు ఎంత భరించాలన్న ఒప్పందాలు అక్కడి బల్లల మీదే జరిగేవి. ప్రపంచ ప్రసిద్ధమైన లాయిడ్స్ బీమా సంస్థ ఆ హోటలు నుంచే పుట్టింది. జొనాథన్స్ అనే మరో హోటల్లో వాటాల బేరగాళ్లు చేరేవారు. 1698లో జాన్ కాస్టైంగ్ అనే దళారి వాటాలు, సరుకుల ధరల పట్టికను అక్కడినుంచే ప్రకటించసాగాడు. లండన్ స్టాక్ ఎక్స్‌చేంజికి మూలం అదే. పత్రికల్లో ఇలాంటి బజారు పేజీలకు కూడా ఆ పట్టికను ముత్తాతగా చెప్పుకోవచ్చు. న్యూయార్కులోనూ 1793లో మొదలైన టాంటైన్ కాఫీ హోటలే వాటాల వర్తకులకు తొలి నాళ్ల కూడలి.

అందుచేత బేరం కుదిరాక కాఫీకి వెళ్లే మన దళారి చేస్తున్నది కొత్త పనేమీ కాదు. మూడువందల యేళ్లకు పైగా వర్తకలోకం నడుపుతున్న ఆచారమే.

మొక్క దేశాంతరం

గిరాకీ పెరిగిన సరుకుపై ఒక్క రేవు పెత్తనం ఎంతోకాలం సాగదు. 17వ శతాబ్దంలో హజ్ యాత్రకు వెళ్లిన బాబా బుడాన్ ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని ప్రతీతి. ఆ కొండలకు నేటికీ ఆయన పేరే. 1690ల్లో డచ్చివారు జావా ద్వీపంలో తోటలు వేశారు. 1723లో ఒక ఫ్రెంచి అధికారి కాఫీ మొక్కను ఓడలో మార్టినిక్ ద్వీపానికి చేర్చాడు. 1727లో అది బ్రెజిల్ చేరింది. 19వ శతాబ్దం మధ్యకల్లా ఉత్పత్తిలో బ్రెజిల్‌ది ప్రపంచంలో ప్రథమ స్థానం. ఆ స్థానాన్ని అది నేటికీ వదులుకోలేదు.

ఇదే కాలంలో పెద్ద ఎగుమతి దేశంగా ఎదిగిన సింహళానికి మాత్రం వేరే గతి పట్టింది. 1869లో అక్కడి తోటలకు ఆకు తుప్పు తెగులు సోకింది. ఇరవై యేళ్లు తిరిగేసరికి కాఫీ వర్తకం కుప్పకూలి, ఆ కొండలన్నీ తేయాకు తోటలయ్యాయి. ఒక్క బూజు తెగులు ఒక దేశం సరుకునే మార్చివేసింది. మచ్చల వైరసుతో రొయ్యల చెరువులు ఖాళీ కావటం చూసిన మన ప్రాంతానికి ఈ కథ అర్థం కావటానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

మన మన్యంలో కాఫీ

తెలుగునాట కాఫీ చరిత్ర 1898లో ఆరంభమయింది. బ్రోడీ అనే ఇంగ్లీషు దొర తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో మొదటి మొక్కలు నాటించాడు. 1920ల నాటికి సాగు అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాలకు పాకింది. స్వాతంత్ర్యానంతరం అటవీశాఖ తోటలు పెంచింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, ఆ తరువాత గిరిజనాభివృద్ధి సంస్థలు ఈ సాగును గిరిజన కుటుంబాలకు చేరువ చేశాయి. పోడు కొట్టి చెట్లు నరకటానికి బదులు, చెట్ల నీడలోనే పెరిగే పంట చేతికిస్తే అడవీ మిగులుతుంది, ఆదాయమూ వస్తుందన్నది ఇందులోని ఆలోచన.

ఇక్కడి తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు నీడనిస్తాయి. వాటి మొదళ్లకు మిరియం తీగలు పాకిస్తారు. నీడ కింద కాఫీ మొక్కలు వుంటాయి. కాఫీ ధర పడిన యేడు మిరియాలు ఆదుకుంటాయి. కర్ణాటకలో వలె వందల ఎకరాల ఎస్టేట్లు ఇక్కడ అరుదు. ఎకరం, రెండెకరాల కమతాలే ఎక్కువ. ఈ సరుకు దాదాపు అంతా అరబికా రకం. దేశపు అరబికాలో మన రాష్ట్రం వాటా సుమారు పదో వంతు. 2017లో అరకు పేరుతో పారిస్‌లో ఒక కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది.

గుర్తింపుతో పాటు గండాలూ వచ్చాయి. అరబికాకు కాండం తొలిచే పురుగు పాత శత్రువు. 2025లో కాయ తొలిచే పురుగు అరకు ప్రాంతంలో బయటపడింది. గింజలోనే కాపురం పెట్టే ఈ పురుగు తూకాన్నీ నాణ్యతనూ కూడా తినేస్తుంది. పురుగు సోకిన కాయలు తోటలో రాలిపోకుండా ఏరి నాశనం చేయటమే దీనికి ప్రధాన విరుగుడు. రెండెకరాల రైతుకు కూలి ఖర్చు రీత్యా ఇది చిన్న పని కాదు.

కాఫీ వర్తకంలో మరో తెలుగు చిరునామా మనకింకా దగ్గరిదే. కృష్ణ దాటితే, పసుపు బజారుకు పేరుపొందిన దుగ్గిరాలలో, 1994లో స్థాపితమైన సి.సి.ఎల్. సంస్థకు ఇన్‌స్టంట్ కాఫీ కర్మాగారం వుంది. పచ్చి గింజలు పలు దేశాలనుంచి వస్తాయి. పొడి పలు దేశాలకు వెళుతుంది. అంతర్జాతీయ లెక్క ప్రకారం కిలో ఇన్‌స్టంట్ పొడికి 2.6 కిలోల పచ్చి గింజలు కావాలి. కాఫీ పండని మైదానంలో కూడా కాఫీ మీద విదేశీ మారకద్రవ్యం ఆర్జించవచ్చునని ఇది చూపింది.

బోర్డు చేతి నుంచి బజారు చేతికి

1930ల మాంద్యంలో కాఫీ ధరలు ప్రపంచమంతటా పడిపోయాయి. ధర నిలబెట్టటానికి బ్రెజిల్ 1931 నుంచి 1944 వరకు సుమారు 7 కోట్ల 80 లక్షల బస్తాలు తగులబెట్టటమో సముద్రంలో పారబోయటమో చేసింది. మిగులు గింజలను నిల్వ వుండే రూపంలోకి మార్చే మార్గం కోసం జరిగిన ప్రయత్నాల ఫలితంగా 1938లో నెస్‌కేఫ్ బజారులోకి వచ్చింది. మన దేశంలో కాఫీ వాడకం పెంచటానికి 1936లో బొంబాయిలో మొదటి ఇండియా కాఫీ హౌస్ తెరిచారు.

యుద్ధకాలంలో ఐరోపా రేవులు మూతపడి సరుకు పేరుకుపోయింది. అప్పుడు 1942 నాటి కాఫీ చట్టం ప్రకారం రైతులు పంటంతా కాఫీ బోర్డు ఉమ్మడి నిల్వకు అప్పగించాలన్న పద్ధతి వచ్చింది. బోర్డు వేలం వేసి, రైతులకు వాయిదాల్లో చెల్లించేది. రైతుకు అమ్ముడుపోదన్న భయం లేదు. ఎప్పుడు అమ్మాలన్న స్వేచ్ఛా లేదు. 1992లో మొదలైన సడలింపులు 1996 నాటికి పూర్తయి, పంటంతా బహిరంగ బజారుకు వచ్చింది. 1994లో బ్రెజిల్‌లో మంచు పడి ధర ఎగసి వుండటంతో, స్వేచ్ఛ తొలి రోజుల్లో లాభంగానే కనిపించింది. దాని రెండో ముఖం 2001లో కనిపించింది. న్యూయార్కులో అరబికా పౌను 50 సెంట్ల దిగువకు పడిపోయింది. నష్టం పంచుకోవటానికి ఉమ్మడి నిల్వ అప్పటికి లేదు.

ధరకు మూలం రెండు ఆకాశాలు

ప్రపంచంలో ఏటా పండే కాఫీ సుమారు కోటి టన్నులు. అందులో మూడో వంతుకు పైగా బ్రెజిల్‌దే. రెండో స్థానం వియత్నాంది. మన దేశం వాటా సుమారు మూడున్నర లక్షల టన్నులు. దానిలో దాదాపు 70 శాతం రోబస్టా రకం. మన పంటలో ఎక్కువ భాగం ఎగుమతి అవుతుంది. పెద్ద కొనుగోలుదారు ఇటలీ. తలసరి వాడకంలో ముందున్నది, ఒక్క గింజ కూడా పండించలేని ఫిన్లాండు. పండించేవారొకరు, తాగేవారొకరు అన్నది కాఫీ వర్తకం మొదటి సూత్రం.

అందుచేత ధరను శాసించేది రెండు ఆకాశాలు. బ్రెజిల్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు శీతకాలం. ఆ నెలల్లో ఒక్క రాత్రి మంచు గడ్డకడితే వచ్చే యేటి పంట పోతుంది. 1975 జులైలో అదే జరిగి, తరువాతి పంట సగానికి పైగా తగ్గి, 1977లో ధర పౌను 3 డాలర్లు మించింది. 2021 జులైలోనూ మంచు దెబ్బ తగిలింది. వియత్నాంలో వర్షాభావం వస్తే రోబస్టా ధరకు రెక్కలొస్తాయి. 2024లో లండన్ బజారులో రోబస్టా టన్ను 5,000 డాలర్లు దాటటానికి అక్కడి ఎండలు ఒక ముఖ్య కారణం.

ఆకాశంతో పాటు ప్రభుత్వాల కలం కూడా ధర మారుస్తుంది. 1962 నాటి అంతర్జాతీయ కాఫీ ఒప్పందం దేశాలవారీ కోటాలు పెట్టి చాలాకాలం ధరను అదుపులో వుంచింది. 1989 జులైలో కోటాలు రద్దు కాగానే ధర కుదేలయింది. 2025 ఆగస్టులో బ్రెజిల్ సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరి బజారును కుదిపివేసింది. నవంబరులో కాఫీని ఆ అదనపు సుంకం నుంచి మినహాయించారు.

న్యూయార్కు ధరను మన లెక్కలోకి మార్చటం కష్టం కాదు. అక్కడ అరబికా ధర పౌనుకు సెంట్లలో చెబుతారు. కిలోకు 2.2046 పౌన్లు. 300 సెంట్ల ధర వుంటే కిలో 6 డాలర్ల 61 సెంట్లు అవుతుంది. డాలరు 85 రూపాయలని అనుకుంటే కిలో సుమారు 562 రూపాయలు. ఇది పచ్చి గింజ ధర. మేలు రకానికి దీనిపై హెచ్చు, తక్కువ రకానికి తగ్గింపు వుంటాయి. రోబస్టాకు లండన్‌లో టన్నుకు డాలర్లలో చెబుతారు.

రకం, సైజు, తేమ

అరబికాకు సువాసన, మృదుత్వం ఎక్కువ. రోబస్టాకు చిక్కదనం, చేదు ఎక్కువ. తెగుళ్లను తట్టుకునే శక్తి కూడా దానికి హెచ్చు. పండు తోలు తీసి, కడిగి, ఎండబెట్టిన గింజ ఒక తరగతి. పండును పండుగానే ఎండబెట్టి దంచిన గింజ రెండో తరగతి. దీనిని చెర్రీ అంటారు. కడిగిన గింజకు సహజంగా ధర ఎక్కువ. ఆపైన జల్లెడ పట్టి ఏఏ, ఏ, బీ, సీ అని సైజులు విడదీస్తారు. కాయలో రెండు పప్పులకు బదులు ఒకటే గుండ్రంగా ఏర్పడితే దానిని పీబీ అని వేరుగా అమ్ముతారు. రొయ్యకు కౌంటు ఎలాంటిదో కాఫీకి జల్లెడ అలాంటిది. ధాన్యం కొనుగోలులో తేమ 17 శాతం మించితే పేచీ వచ్చినట్టే, కాఫీ గింజలో 12 శాతం మించితే పేచీ వస్తుంది. బూజు పట్టిన గింజ వాసన ఎంత వేయించినా పోదు.

పొడి వర్తకుని లెక్క

ఇక మన కొట్లోకి వద్దాం. లెక్క కోసం పచ్చి గింజ కిలో 500 రూపాయలనుకుందాం. వేయించటంలో సుమారు ఆరో వంతు తరుగు పోతుంది. అంటే వేయించిన కాఫీ కిలోకు సరుకు ఖర్చే 600 రూపాయలు. చికోరీ పొడి కిలో 150 అనుకుందాం. చికోరీ కాఫీ కాదు, ఒక దుంప. మన దేశంలో గుజరాత్ దీనికి పేరుపొందింది. 1806లో నెపోలియన్ విధించిన రేవుల దిగ్బంధంతో ఫ్రాన్సులో కాఫీకి కరువొచ్చినప్పుడు దీని వాడకం బాగా పెరిగింది. కలిపితే డికాక్షన్‌కు రంగు, చిక్కదనం వస్తాయి. మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదనీ, పాళ్లు పొట్లం మీద ముద్రించాలనీ నిబంధన వుంది.

70 పాళ్లు కాఫీ, 30 పాళ్లు చికోరీ అయితే కిలో మిశ్రమానికి 420, 45 కలిపి 465 రూపాయలు. పచ్చి గింజ 600కు పెరిగితే వేయించిన కాఫీ 720 అవుతుంది. అదే మిశ్రమం 549కి చేరుతుంది. తయారీదారు పాళ్లను 60, 40గా మార్చితే ఖర్చు 492 రూపాయలే. గింజ ధర 20 శాతం పెరిగినా, పొట్లం ధర 6 శాతం లోపే పెరిగినట్టు కనిపిస్తుంది. మిగతా పెరుగుదల గ్లాసులో పలచబడింది. ఇందులో చట్టవిరుద్ధమేమీ లేదు. కాని పాత పొట్లమూ కొత్త పొట్లమూ ఒకే సరుకు కాదన్న సంగతి చిల్లర వర్తకునికి తెలియాలి. ఖాతాదారు రుచి తగ్గిందని నిలదీసేది అతనినే గదా.

కప్పు లెక్క వేరు. కప్పుకు 10 గ్రాముల పొడి చొప్పున కిలోకు నూరు కప్పులు వస్తాయి. పై ఉదాహరణలో కిలోకు 84 రూపాయలు పెరిగినా కప్పు మీద పడేది 84 పైసలే. హోటల్లో ఒకేసారి ఐదు రూపాయలు పెరిగితే దానికి కారణం గింజ ఒక్కటే కాదు. పాలు, పంచదార, గ్యాసు, కూలి, అద్దె కూడా అందులో వున్నాయి. నింద మాత్రం గింజదే.

ఇన్‌స్టంట్ పొడికి మరో అంశం వుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి దానిపై జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు ముద్రించిన ధరల నిల్వలున్నవారు ఆ తేడాను లెక్కలో సరిచూసుకోవలసి వచ్చింది.

వర్తకులు గమనించవలసినవి

కాఫీ నిల్వ చేసేవారు గుర్తుంచుకోవలసిన పంచాంగం చిన్నదే. ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల మధ్య మన కొండల్లో పూత వానలు పడాలి. పడకపోతే వచ్చే పంట మీద అనుమానం మొదలవుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా బ్రెజిల్ మంచు కబుర్లు వినాలి. అక్టోబరు, నవంబరులలో వియత్నాం కొత్త పంట రాబడి ఆరంభమవుతుంది. నవంబరు నుంచి మన అరబికా, సంక్రాంతి తరువాత రోబస్టా కోతలు సాగుతాయి. కొత్త సరుకు వచ్చే ముందు ఖరీదైన నిల్వ పెట్టుకోవటం, మంచు కాలానికి ముందు కొట్టు ఖాళీ చేసుకోవటం, ఈ రెండూ నష్టాన్ని పిలిచేవే. వేయించిన పొడికి వాసనే ప్రాణం. ధర పెరుగుతుందన్న ఆశతో దానిని నెలల తరబడి దాచటం వ్యాపారం కాదు. దాచదలచినవారు పచ్చి గింజనే దాచాలి, అదీ తేమ తగలకుండా.

చివరకు లెక్క ఇలా తేలుతుంది. ధర పుట్టేది బ్రెజిల్, వియత్నాం ఆకాశాల కింద. దానిని అంకెల్లో చెప్పేది న్యూయార్కు, లండన్. 1996 తరువాత పెరిగిన లాభంతో పాటు పడిన నష్టం కూడా నేరుగా పండించినవారి మీదే పడుతోంది. మన్యంలోని రెండెకరాల రైతుకు వాయిదా బజారులో బేరం పెట్టే శక్తి లేదు. సహకార సంస్థ ముందుగా ప్రకటించే కొనుగోలు ధర, తోటలోని మిరియం తీగ, ఏరి ఎండబెట్టిన గింజ నాణ్యత, ఇవే అతనికున్న రక్షణలు. మైదానంలోని వర్తకుడు ఆ నాణ్యతను గుర్తించి, పాళ్లు చూసి, తగిన ధర ఇచ్చి కొంటే ఆ రక్షణ కాస్త గట్టిపడుతుంది. ధాన్యంలో రకం చూడకుండా బస్తా కుట్టించని ఉండి వర్తకునికి కాఫీలోనూ ఆ చూపు అలవడటం కష్టం కాదు.